ప్రేమ విందులో వాటా అడిగితే

బోరబండ ఉత్తరాలు - 14



ఈ వారం జాషువా మీద రాస్తానని మాటిచ్చాను. జాషువా వస్తాడు, కానీ చివర్లో వస్తాడు. ముందు మా చర్చిలో పోయిన ఆదివారం జరిగిన మీటింగు సంగతి చెప్పాలి. ఇది చదివి మా సంఘపెద్దల్లో కొందరు నామీద కోపం చేస్తారు. "ఇంటి గుట్టు వీధిలో పెట్టావు" అంటారు. గుట్టుగా ఉంచుకున్నందుకే ఈ జబ్బు మూడు తరాలుగా మాతో ఉందని నా నమ్మకం. అందుకే రాస్తున్నా.

ఆ మీటింగులో ఒక ప్రతిపాదన వచ్చింది. ఈ క్రిస్మస్‌కి ప్రేమ విందు వద్దు. ఆరాధన చేసుకుందాం, కేకు ముక్క చేతిలో పెడదాం, ఎవరింటికి వాళ్ళం పోదాం. కారణం అడిగితే "సంఘంలో సమాధానం కోసం" అన్నారు.

చర్చి సంగతులు తెలియని మిత్రుల కోసం చెప్తున్నా. ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తినే భోజనాన్ని మేము ప్రేమ విందు అంటాం. అన్నం, చికెన్, సాంబారు, పెరుగు. బియ్యం ఒకరు, నూనె ఒకరు, గ్యాస్ ఒకరు తెస్తారు. వంట స్త్రీల సమాజం చేస్తుంది. మాది సైట్-3 దగ్గర సందులో రేకుల కప్పు కింద నడిచే చిన్న సంఘం. ఈ సంఘంలో పుట్టినప్పటి నుంచీ నేను ఆ విందు తింటూనే ఉన్నాను. లాక్‌డౌన్ ఏడాది తప్ప అది ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు రోగం లేకుండానే ఆపుతామంటున్నారు.

ఎందుకో చెప్పాలంటే పోయిన ఈస్టర్‌కి పోవాలి.

2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. అత్యంత వెనుకబడ్డ 15 కులాలకు 1 శాతం, మాదిగలతో కలిపి 18 కులాలకు 9 శాతం, మాలలతో కలిపి 26 కులాలకు 5 శాతం. ఆ తర్వాతి ఆదివారం, ఏప్రిల్ 20, ఈస్టర్. సాక్ష్యాల సమయంలో ఒక అమ్మ లేచింది. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ముప్పై ఏళ్ళ కింద దండోరా సభలకు భర్తతో కలిసి లారీలో పోయిన మనిషి. "నా బిడ్డ ఉద్యోగం పరీక్షలకు చదువుతుంది. ఇప్పుడన్నా మా తలుపు తెరిచిండు ప్రభువు. ఆయనకే స్తోత్రం" అని కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

సగం చర్చి "ఆమెన్" అంది. సగం చర్చి అనలేదు. ఆమెన్ అనని ఆ సగం నా వాళ్ళు. నేను మాల ఇంట్లో పుట్టాను.

ఆ రోజు ఎనిమిది కుటుంబాలు విందుకు ఆగకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాయి. చివరికి చికెన్ మిగిలిపోయింది. మా చర్చిలో చికెన్ మిగలడం నేను మొదటిసారి చూశాను. ఆ తర్వాత యూత్ వాట్సాప్ గ్రూపు రెండైంది. పాటల బృందంలో తబలా ఒక వైపు, కీబోర్డు ఒక వైపు. నవంబరు 11 జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక దాన్ని ఇంకాస్త ఎగదోసింది. మా వాడకు వచ్చిన ప్రతి పార్టీ మనిషీ క్రైస్తవ ఓటు, ముస్లిం ఓటు, మాల ఓటు, మాదిగ ఓటు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని పోయాడు.

ఇందులో ఉన్న వింత చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని మాత్రం ఇవాళ్టి దాకా చేర్చలేదు. నా సర్టిఫికెట్ బీసీ-సి. మా సంఘంలో బాప్తిస్మం తీసుకుని కాగితం మార్చుకున్న ఇళ్ళున్నాయి. ఇంట్లో తల్లి ఒక్కతే చర్చికి వచ్చి, మిగతా అందరూ ఊళ్ళో ఎల్లమ్మకు మొక్కే ఇళ్ళున్నాయి. వాళ్ళ పిల్లలు ఎస్సీలే. అంటే మాలో కొందరికి ఈ పంపకంలో వాటా ఉంది, కొందరికి అసలు లేదు. లేనివాళ్ళు కూడా అలిగారు. వాటా పోతే కోపం వస్తుందని అర్థం చేసుకోగలను. అసలు వాటా లేనివాడికి కోపం ఎక్కడి నుంచి వచ్చింది? కులం నుంచి వచ్చింది. ఆ మాట మేము ఒప్పుకోవాలి.

మీటింగులో నేను విందు ఆపొద్దన్నాను. నాకు మూడు జవాబులు వచ్చాయి. మూడూ మీ ఊళ్ళో కూడా వినిపిస్తాయి, కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది మా సంఘపెద్ద మాట. "క్రీస్తులో కులం లేదమ్మా. వాళ్ళు వాటా అడిగి కులాన్ని చర్చిలోకి తెచ్చారు."

చర్చిలోకి కులాన్ని ఆ హౌస్‌కీపింగ్ అమ్మ తేలేదు. అది మనకంటే ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెలుగు క్రైస్తవ చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చినప్పుడు ఆయన బడికి బ్రాహ్మణ, శూద్ర పిల్లలు వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి, ఆయన వెనక మాదిగ పల్లెలు కదిలేసరికి అగ్రకులాల వాళ్ళు తేల్చి చెప్పారు: వాళ్ళను చేర్చుకుంటే మేము రాము. క్లౌ పెద్దింటి పిల్లలను వదులుకుని మాదిగలను ఎంచుకున్నాడు. కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా మనం గర్వంగా చెప్పుకునే కథ. గర్వంగా చెప్పుకోని భాగం ఇంకోటుంది. ఒక మిషన్‌లోకి మాదిగలు ఎక్కువగా వస్తే ఆ ప్రాంతంలో మాలలు దూరంగా నిలబడ్డారు. ఇంకో మిషన్‌లోకి మాలలు ముందు వస్తే మాదిగలు దూరంగా ఉన్నారు. ఆంధ్ర దేశంలో ఇది మాదిగ చర్చి, ఇది మాల చర్చి అని జనం నోట పడింది అప్పుడే. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులైతే తమ పేరు చివరి తోక కూడా కత్తిరించుకోలేదు.

పెళ్ళి సంబంధాలు చూడండి. "ప్రార్థనాపరురాలైన వధువు కావలెను" అని రాసి, పక్కనే కులం పేరు రాస్తారు. దేవుడితో మాట్లాడే పిల్ల కావాలి, కానీ మన గడపలో పిల్లే కావాలి. అప్పుడు క్రీస్తులో కులం ఉన్నట్టా లేనట్టా? పెళ్ళిలో, కాపరి ఎంపికలో, సంఘ కమిటీలో కులం నడిచినన్ని రోజులూ ఎవరూ అరవలేదు. వెనకున్నవాడు నా వాటా ఏది అని అడిగిన రోజే మనకు క్రీస్తులో కులం లేదన్న సంగతి గుర్తొచ్చింది.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీసి చూడమని మా పెద్దాయనకు చెప్పాను. యెరూషలేములో మొదటి సంఘం. రోజూ అన్నం పంచుతున్నారు. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. అదే భోజనం, అదే పంపకం, అదే మాకు అందలేదనే మాట. అపొస్తలులు ఏం చేశారు? "ప్రభువులో గ్రీకు, హెబ్రీ తేడా లేదు, సణగకండి" అనలేదు. "సమాధానం కోసం భోజనం ఆపేద్దాం" అనలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి, స్తెఫను నుంచి నికోలాసు దాకా అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అందడం లేదో వాళ్ళ మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. నా లెక్కలో అది క్రైస్తవ సంఘం చేసుకున్న మొదటి వర్గీకరణ. దానివల్ల సంఘం చీలలేదు, పెరిగిందని అదే అధ్యాయం చెప్తుంది.

రెండో జవాబు మా యూత్ లీడరుది. "అక్కా, బయట మనమీద దాడులు జరుగుతున్నాయి. మణిపూర్ చూశాం. ప్రార్థన పెట్టుకుంటే మతమార్పిడి కేసులు. 2025లో ఆంధ్ర హైకోర్టు, క్రైస్తవుడైన దళితుడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. ఇలాంటప్పుడు లోపల గొడవ ఎందుకు?"

ఆ అబ్బాయి భయం నిజం. ఆ భయం నాకూ ఉంది. కానీ భయంలో కలవడం మనకు ఎప్పుడూ కష్టం కాలేదు. 2020 అక్టోబరు గుర్తుందా? బోరబండలో రాత్రిపూట భూమి లోపల నుంచి పెద్ద చప్పుళ్ళు వచ్చి కాళ్ళ కింద అదిరింది. అందరం పిల్లలను ఎత్తుకుని రోడ్డు మీదికి ఉరికాం. ఎన్‌జీఆర్ఐ వాళ్ళు వచ్చి పరికరాలు పెట్టి, అవి చిన్న ప్రకంపనలు అన్నారు. ఆ రాత్రి మా అమ్మ పక్కన కూర్చున్నది ఎదురింటి ముస్లిం నానీ. మా ఇంటి దుప్పటి కప్పుకున్నది ఆమె మనవడు. టీ కాచి తెచ్చింది సందు చివరి ముదిరాజ్ ఇల్లు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తెల్లారాక ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నాం.

ఉద్యమంలోనూ అదే జరిగింది. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను నరికితే, బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకుంటే, వాళ్ళ వెంట మాలలు నిలబడ్డారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే రెండు వాడలూ కలిసి ఏడ్చాయి.  దెబ్బ తగిలినప్పుడు మనం ఒక్కటే. మరి 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మోగి, "అన్నా, పదిహేను శాతంలో మా వంతు ఎంత?" అని తమ్ముడు అడిగితే మన ఇంట్లో ఎందుకు నిశ్శబ్దం? రామచంద్రరాజు కమిషన్ లెక్కలు తీసి, ఫలాలు సమానంగా అందలేదని చెప్పింది. 2000లో చట్టం వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ళీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయొచ్చనే దాకా ఇరవై ఏళ్ళు. ఈ ముప్పై ఏళ్ళలో ఎంతమంది మాదిగ, రెల్లి, డక్కలి పిల్లలకు వయసు దాటిపోయిందో మన చర్చిలో ఎవరైనా ప్రార్థన విన్నపంగా పెట్టారా? నేను వినలేదు. నేను కూడా పెట్టలేదు.

భయంలో కలవడానికి ప్రేమ అక్కర్లేదు. ప్రాణం మీది తీపి చాలు. పంచుకునేటప్పుడు కలిసి ఉండటానికే ప్రేమ కావాలి. బయటివాడు కొడుతున్నాడు కాబట్టి లోపలివాడు తన ఆకలి చెప్పకూడదు అంటే, దేశం పేరు చెప్పి మన నోరు మూయించే వాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

మూడో జవాబు అందరికంటే గట్టిది. అది మా పిన్ని కొడుకుది. వాడు మా సంఘానికే వస్తాడు, బాప్తిస్మం తీసుకోలేదు, ఎస్సీ-మాల సర్టిఫికెట్. నాలుగేళ్ళుగా అశోక్‌నగర్ గదిలో గ్రూప్స్‌కి చదువుతున్నాడు. "అక్కా, నీకేం? నీది బీసీ-సి. నీకు ఉద్యోగం వచ్చేసింది. నువ్వు ప్రేమ గురించి రాస్తే లైకులొస్తయి. పోయేది నా పోస్టు."

దీనికి నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. వాడు అన్నదాంట్లో నిజం ఉంది. నా జీతం నా అకౌంటులో పడుతుంది. త్యాగం చేయమని చెప్పడం సులువే. మాలల్లో పేదరికం లేదని ఎవరన్నా అంటే బోరబండ వచ్చి చూడమంటాను. రోస్టర్ పాయింట్ల మీద అభ్యంతరం ఉంటే వాదిద్దాం, లెక్కలు తప్పైతే కొత్త లెక్కలు అడుగుదాం. అది హక్కు. కానీ వాడికి రెండు మాటలు చెప్పాలి.

ఒకటి. నా ఉద్యోగం ఎక్కడి నుంచి వచ్చింది? మెదక్ చర్చి 1914 నుంచి పదేళ్ళు కట్టారు. దానికి మా ముత్తాత రాళ్ళు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన కొడుకును మిషన్ బడిలో వేశారు. ఆ కొడుకు ఉత్తరాలు చదవగలిగాడు. ఆయన కూతురు, మా అమ్మ, పదో తరగతి దాకా వచ్చింది. నేను పీహెచ్‌డీ చేశాను. నాలుగు తరాలు పట్టింది. ఇందులో మా కష్టం ఉంది, అబద్ధం కాదు. ఆ కష్టానికి ఒక తలుపు ముందే తెరుచుకుందన్నది కూడా అబద్ధం కాదు. ఆ తలుపు దగ్గర మా వెనక నిలబడ్డ వాళ్ళున్నారు. చెప్పులు కుట్టీ, డప్పు కొట్టీ, చచ్చిన గొడ్డును మోసీ ఊరికి బతుకునిచ్చిన వాళ్ళకు మా వాడలో కూడా నీళ్ళు పైనుంచి పోసిన రోజులు మా అమ్మమ్మే చెప్పింది. అది పై కులాలు మాకు చేసినదే. మేము దాన్ని కిందికి పంపాం.

జక్కయ్య కథ సండే స్కూల్లో పాట పాడి నేర్పిస్తాం. పొట్టివాడు, చెట్టెక్కాడు, యేసు పిలిచాడు. పిల్లలకు చెప్పకుండా వదిలేసేది చివరి ముక్క. జక్కయ్య ఏడ్చి క్షమాపణ అడిగి ఊరుకోలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్న తర్వాతే. మన తమ్ముళ్ళు నాలుగంతలు అడగలేదు. వాళ్ళ వంతు వాళ్ళకు ఇమ్మన్నారు.

రెండు. తమ్ముడూ, బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. అక్కడ మనకు కనిపించే అద్దాల మేడల్లో ఎస్సీ రిజర్వేషన్ ఎంత? అసలు లేదు. ప్రైవేటు రంగానికి అది వర్తించదు. ఆ మేడల్లో నీ తల్లీ ఉంది, ఆ సాక్ష్యం చెప్పిన అమ్మా ఉంది. ఇద్దరి చేతిలోనూ అదే మాప్, ఇద్దరికీ అదే కాంట్రాక్టరు. సర్కారు ఉద్యోగాలు తగ్గుతుంటే మిగిలిన పదిహేను శాతం లోపల మనం ఒకరి చొక్కా ఒకరం పట్టుకున్నాం. బయట అంత పెద్ద ఆవరణ మనకు మూసి ఉంది. వాళ్ళ వంతు వాళ్ళకు వదిలేస్తేనే ఇద్దరం కలిసి ఆ గేటు తట్టగలం. నీ పోస్టు మీద నీకున్న కోపాన్ని నీ పక్కింటి పిల్ల మీద పెట్టకు.

వాడు ఒప్పుకున్నాడని రాయను. ఒప్పుకోలేదు. "ఆలోచిస్త" అన్నాడు.

మిత్రులారా, ద్వేషం నిండిన ఈ కాలంలో క్రైస్తవులం అందరినీ ప్రేమించాలని ప్రతి పాస్టరూ చెప్తాడు. మంచి మాటే. కానీ అందరినీ ప్రేమించడమంటే ఎవరినీ ప్రత్యేకంగా ప్రేమించక్కర్లేదన్న సదుపాయం అందులో దాక్కుని ఉంటుంది. ముస్లిం నానీతో కలిసి క్రిస్మస్ కేకు తింటూ ఫొటో దిగడం నాకు సులువు. మా మధ్య పంచుకోవాల్సిన ఆస్తి ఏమీ లేదు. అదే సంఘంలో, అదే పాటల పుస్తకంలోంచి పాడే మనిషి నా వాటాలో భాగం అడిగినప్పుడు ఆమె పక్కన విస్తరి వేసుకుని కూర్చోవడం కష్టం. పొరుగువాడు ఎవరని అడిగినవాడికి యేసు దారిలో పడి ఉన్న మనిషి కథ చెప్పాడు. ఆ కథలో సమరయుడు మంచి మాటలు చెప్పి పోలేదు. తన గాడిద మీద ఎక్కించుకున్నాడు, సత్రంలో తన డబ్బు కట్టాడు, ఇంకా ఖర్చైతే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. అక్కడ ప్రేమకు ఖర్చుంది.

పేతురంతటివాడికే ఇది కష్టమైంది. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి పెద్దమనుషులు రాగానే బల్ల దగ్గర నుంచి లేచి పక్కకు జరిగాడు. పౌలు చాటుగా కాదు, అందరి ముందే నిలదీశాడు. ఈస్టర్ నాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయిన ఎనిమిది కుటుంబాలను నేను తిట్టడం లేదు. పేతురు లేచినచోటే వాళ్ళూ లేచారు. మళ్ళీ వచ్చి కూర్చోమంటున్నా. అంబేద్కర్ స్వేచ్ఛ, సమానత్వం పక్కన సౌభ్రాతృత్వాన్ని పెట్టి, ఈ మూడింటినీ విడదీయలేమన్నాడు. వాటా ఇవ్వకుండా "మనం అన్నదమ్ములం" అనడం సౌభ్రాతృత్వం కాదు. ఆయన క్రైస్తవంలోకి పోయిన అంటరానివాళ్ళ గురించి రాస్తూ, కులం చర్చి లోపలికి కూడా వాళ్ళ వెంట వెళ్ళిందని మనల్ని తప్పుపట్టాడు. ఆ విమర్శకు మనం ఇప్పటికీ జవాబు బాకీ ఉన్నాం.

ఇప్పుడు జాషువా. మాస్టారి పిల్లలు, మాల పిల్లలు, మాదిగ పిల్లలు అందరూ సెప్టెంబరు 28న ఆయన ఫొటోకి దండ వేస్తారు. ఆయన తల్లి మాదిగ, తండ్రి గొల్ల. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో శివుడికి కబురు పంపే కథానాయకుడు అరుంధతీసుతుడు. హిందువులు కులం చూసి గడప బయట నిలబెట్టారు, క్రైస్తవులు పురాణాలు పట్టుకున్నాడని వెలివేశారు. నేను క్లాసులో ఆ కావ్యం ఏటా చెప్తాను. పిల్లలు మెచ్చుకుంటారు. ఈస్టర్ తర్వాత దాన్ని చెప్పేటప్పుడు నాకు గొంతు తడబడింది. కావ్యంలో మాదిగ ఆకలికి నా కళ్ళు తడిసి, చర్చిలో మాదిగ అమ్మ ఆమెన్‌కి నా వాళ్ళ నోరు పెగలకపోతే, నా డాక్టరేట్ దేనికి?

అందుకే మీటింగులో నేను పెట్టిన ప్రతిపాదన ఇది. విందు జరగాలి. ఈసారి వడ్డన కమిటీలో గరిటె మాదిగ, చిన్న కులాల ఇళ్ళ చేతిలో ఉండాలి, సంఘ కమిటీలోనూ వాళ్ళ కుర్చీలు పెరగాలి. వారం మధ్యలో ఖాళీగా ఉండే మా రేకుల హాలు సాయంత్రం పోటీ పరీక్షలు చదివే పిల్లలకు ఇవ్వాలి. మొదటి గ్రూపు కులాల పిల్లలు ఎక్కడున్నా వెతికి తేవాలి, వాళ్ళు క్రైస్తవులు కాకపోయినా సరే. తెలుగు పేపరు నేను చెప్తా. జనరల్ స్టడీస్ మా పిన్ని కొడుకు చెప్పాలి. ఆ సాక్ష్యం చెప్పిన అమ్మ కూతురు పక్క బెంచీలో కూర్చుంటే వాడే చెప్పాలి.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అమ్మ లేచింది. ఈస్టర్ నాడు వెళ్ళిపోయిన ఎనిమిది ఇళ్ళలో మాదీ ఒకటి. ఇది ఇంతదాకా రాయలేదు, సిగ్గుపడి. నేను ఆగిపోయాను, మా అమ్మ వెళ్ళిపోయింది. ఆ రోజు రాత్రి ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

"బియ్యం ఎన్ని కిలోలు పడ్తయో చెప్పున్రి" అంది మా అమ్మ. "వండుదాం. వచ్చినోళ్ళు తింటరు, రానోళ్ళ ఇంటికి గిన్నెల పెట్టి నేనే పట్కపోత." ఆ హౌస్‌కీపింగ్ అమ్మ తల ఎత్తి చూసింది. నవ్వలేదు. "నూనె నేను తెస్త వదినా" అంది.

ఓటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. గెలుస్తామో లేదో చెప్పలేను. మీ సంఘంలో, మీ హాస్టల్లో, మీ యూనియన్ ఆఫీసులో ఇలాంటి బల్ల దగ్గర ఎవరు లేచిపోయారో, మీరు ఆగారో వెళ్ళిపోయారో కామెంట్లలో రాయండి. కులం పేరుతో ఒకరినొకరు తిట్టుకునే కామెంట్లు తీసేస్తా, ముందే చెప్తున్నా. చదువుకునే పిల్లలు బోరబండ చుట్టుపక్కల ఉంటే మెసేజ్ పెట్టండి. హాలు దొరక్కపోతే మా ఇంటి మేడ మీద మొదలుపెడతాం.

జై భీమ్.